నాలుగో వ్యక్తి

పంపిన పరిశోధన పేపర్ల మీద రివ్యూలు వచ్చిన రోజున మా గదిలో మామూలు మాటలు వినపడవు. ఒకడు నరికాడంటారు, ఇంకొకడు తోలు ఒలిచాడంటారు, మూడోవాడు దయతలచి గొంతు పిసికి వదిలేశాడంటారు. కుట్టుమిషన్ ముందు కూర్చుని వినీ వినీ నాకు అలవాటైపోయింది. కాగితం మీద జరిగే హత్యలకు నెత్తురు కారదులే అనుకునేదాన్ని.

నేనక్కడ దర్జీని. ఒంటికి తొడుక్కునే యంత్రాలు తయారుచేసే ప్రయోగశాల అది. వెండి పూత పూసిన దారంతో బనీన్లు కుట్టడం నా పని. ఆ బనీను వేసుకుంటే గుండె ఎలా కొట్టుకుంటోందో, ఊపిరి ఎలా ఆడుతోందో, మనిషి ఏ వేళప్పుడు ఎక్కడున్నాడో అంతా కంప్యూటర్లోకి ఎక్కుతుంది. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళు కిందపడితే వెంటనే కబురు అందాలని దాని ఉద్దేశం. దాని మీద పేపర్ రాసింది పిట్ట.

పిట్ట ఆమె అసలు పేరు కాదు. పిట్టంతే తింటుందని నేను పెట్టిన పేరు. అప్పటికి పది నెలల కిందట ఉద్యోగంలో చేరడానికి వచ్చినప్పుడు కుడిచేతికి కట్టు ఉంది. మూడు వేళ్ళు విరిగాయి. బల్ల సొరుగులో పడ్డాయంది. సొరుగులో వేలు నలగడం నేనెరుగుదును. మూడు వేళ్ళు ఒకే గీత మీద విరగాలంటే ఎవరో సొరుగును మోకాలితో నొక్కిపట్టి ఉండాలి. నేనేమీ అడగలేదు. మా ఇంట్లో వెనక గది ఖాళీగా ఉందని మాత్రం చెప్పాను. ఆ సాయంత్రమే పెట్టె తెచ్చుకుంది.

నెల తర్వాత నా పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూ తనే చెప్పింది. మొగుడూ ఇదే విద్యలో ఉన్నాడు, పేరున్నవాడు. పని ఆమెది, పేపర్ మీద మొదటి పేరు అతనిది. ఒకసారి ఆమె తన పేరు ముందు పెట్టుకుని, గడువు ముగియడానికి పది నిమిషాల ముందు పంపేసింది. "ఆ పేరు కొట్టిన వేళ్ళేవి?" అని అడిగాడట. అడిగి, సొరుగు తెరిచాడట.

"కేక వెయ్యలేదా?" అన్నాను.

"ఎందుకు వెయ్యను పెద్దమ్మా. పక్కింటివాళ్ళు టీవీ సౌండు పెంచారు."

నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఊరు మారింది, ఇంటిపేరు మార్చుకుంది, ఫోను నంబరు మార్చింది. ఇక్కడి ఉద్యోగం ఏడాదికే. ఈ పేపర్‌ను ఏటా జరిగే పెద్ద కాన్ఫరెన్స్ వాళ్ళు ఒప్పుకుంటే ఇంకో మూడేళ్ళు పొడిగిస్తామని ప్రయోగశాల నడిపే సారు చెప్పారు. అంటే మూడేళ్ళపాటు తల దాచుకునే చోటు. ఆ పేపర్ విలువ ఆమెకు అదే.

అక్కడికి పంపే పేపర్ల మీద పేర్లుండవు. రాసినవాళ్ళెవరో చదివేవాళ్ళకు తెలియకూడదు, చదివేవాళ్ళెవరో రాసినవాళ్ళకు తెలియకూడదు. పంపేముందు రెండు రోజులు పిట్ట పేర్లను పేలు ఏరినట్టు ఏరింది. సారు పేరు తీసేసింది. సంస్థ పేరు తీసేసింది. వీడియోలో మొహాలు మసక చేసింది. బనీను మెడ దగ్గర నేను కుట్టిన గుర్తు చీటీని కూడా నాచేతే విప్పించింది.

బనీనును ఆరుగురి మీద పరీక్షించాలి. నాలుగో నంబరు ఇచ్చిన మనిషి మొదలుపెట్టే ముందురోజు రానన్నాడు. ఈ విద్యలో ఒకరు తక్కువపడితే రాసేవాళ్ళే తొడుక్కుంటారు. అందరూ చేసేదే, ఎవరూ తప్పనుకోరు. పిట్ట మూడు వారాలు ఆ బనీను వేసుకుని తిరిగింది, వేసుకునే పడుకుంది. పేపర్లో 'నాలుగో వ్యక్తి' అని రాసుకుంది. మూడో పేజీలో ఆమె గుండె ఎగుడుదిగుడు గీతగా ఎక్కింది.

వచ్చిన మూడు రివ్యూల్లో రెండు మెచ్చుకున్నాయి. రెండో రివ్యూయర్ రాసింది మాత్రం పిట్ట పైకి చదువుతుంటే నా చేతిలో సూది ఆగిపోయింది.

"నాలుగో వ్యక్తి ఎడమవైపు తిరిగి పడుకున్నప్పుడు గుండె లయ తప్పడాన్ని రచయితలు వివరించలేదు. ఆ వ్యక్తి ముడి కొలతలను వేళలతో, చోట్లతో సహా జతచేయాలి. లేనిచో తిరస్కరించవలసి ఉంటుంది."

అయిదు రోజుల గడువు.

"ఎడమవైపు అని నువ్వు రాశావా?" అన్నాను.

పిట్ట పేపర్ తిరగేసింది. "లేదు. పడుకున్నప్పుడు అనే రాశాను."

"మరి అతనికెలా తెలిసింది?"

"గీతలు చూసి ఊహించి ఉంటాడు. ఊపిరి కొలిచే పట్టీ కుడివైపు ఉంది కదా పెద్దమ్మా, చదవడం వచ్చినవాడికి తెలుస్తుంది."

సారు తలుపు దగ్గర నుంచుని విన్నారు. "రెండో రివ్యూయర్ అంటే అత్తగారమ్మా. అడిగింది పెట్టాలి, నవ్వు మొహంతో పెట్టాలి."

"వేళలిస్తాను సార్. చోట్లెందుకు?"

"మనిషి ఎక్కడ పడ్డాడో చెప్పడమే కదా మన బనీను గొప్ప. అదే దాస్తే దొంగలెక్కలంటాడు. అయినా నాలుగో నంబరుకు పేరుందా, ఊరుందా?"

"నాకెందుకో భయంగా ఉంది," అన్నాను.

"మీకు కుక్కర్ కూతపెట్టినా భయమే పెద్దమ్మగారూ," అన్నారు సారు. పిట్ట కూడా నవ్వింది. నిజమే, నేను భయపడని రోజంటూ లేదు. ప్రతిదానికీ వణికేవాళ్ళ మాట వినకపోవడం ఎవరికైనా అలవాటవుతుంది. అందుకే నేనూ నా మాట వినలేదు. ఆ మాట పట్టుకుని వేలాడి ఉండాల్సింది.

అయిదో రోజు సాయంత్రం అయిదింటికి గడువు. అయిదుకు పావుగంట తక్కువలో ఒక్కరివే పంపితే అనుమానిస్తారని పిట్ట ఆరుగురి కొలతలూ పంపేసింది, వాటిలో తనవీ. ఇంటి మెట్లు దిగిన వేళ, బస్సెక్కిన చోటు, ప్రయోగశాల గుమ్మం, మా వెనక గదిలో మంచం. ఇరవై ఒక్క రోజులవి.

పన్నెండు రోజులు గడిచాక, పొద్దున్న పదకొండింటప్పుడు సారు ఒకాయన్ను వెంటబెట్టుకుని నా కుట్టుగదిలోకి వచ్చారు.

"మన రంగంలో పెద్దాయన. పనిమీద ఊళ్ళోకొచ్చారట. మన బనీను చూస్తామన్నారు."

ఆ బనీను సంగతి ఇంకా ఎక్కడా అచ్చు కాలేదు. ఈయనకెలా తెలిసిందని సారుకు తట్టలేదు. పొగడ్త ముందొస్తే తెలివి వెనకబడుతుంది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. నా చేతిలోని గుడ్డ వేళ్ళతో తడిమి, "మీ కుట్టేనామ్మా? ఎంత సన్నగా వేశారు," అన్నాడు. నాకు సంతోషం కలిగింది. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సారు టీ చెప్పడానికి బయటికెళ్ళారు. అదే సమయానికి పిట్ట లోపలి అరల్లోంచి దారపుకండెలు ఒడిలో పోసుకుని వచ్చింది. అతన్ని చూసింది. కండెలన్నీ నేల మీద పడి దొర్లాయి.

అతను వెళ్ళి తలుపు గడియ పెట్టాడు. ఏ తొందరా లేదు.

"మూడో పేజీలోనే పోల్చుకున్నానే," అన్నాడు. "నాలుగేళ్ళు ఆ చప్పుడు మీద తల పెట్టుకుని పడుకున్నవాణ్ణి. పేరు తీసేస్తే తెలియదనుకున్నావా?"

పిట్ట లోపలి అరల వైపు వెనక్కి జరిగింది. అతను జడ చేతికి చుట్టుకుని ఆమె మొహాన్ని కత్తిరింపుల బల్ల అంచుకేసి కొట్టాడు. ఎండు కట్టె విరిగినట్టు చప్పుడైంది. రెండోసారి కొట్టినప్పుడు ఆ చప్పుడు లేదు, మెత్తగా వినపడింది. తెల్ల గుడ్డ మీద నెత్తురు, దాంట్లో ఒక పన్ను.

"సవరణలు చాలవు," అంటున్నాడు. రివ్యూ రాసే గొంతుతోనే అంటున్నాడు. "మొదటి పేరు ఎవరిది? చెప్పు. మొదటి పేరు ఎవరిది?"

నేను కేకలేశాను. వేసే ఉంటాను, మర్నాటికి గొంతు లేదు. ఆవిరి ఇస్త్రీపెట్టె పొద్దుటినుంచీ కాగుతోంది. రెండు చేతులతో ఎత్తి అతని మెడ మీద పెట్టాను. చర్మం కాలిన వాసన వచ్చింది. జంతువులా అరిచి పిట్టను వదిలాడు, నా మీదకు తిరిగాడు. నా కుడి మణికట్టు పట్టుకుని, తడిగుడ్డ పిండినట్టు పిండాడు. ఎముక విరగడం మొదట విన్నాను, నొప్పి తర్వాత వచ్చింది. ఇస్త్రీపెట్టె నా కాలి మీద పడింది. నన్ను గోడకేసి తోసి, కడుపులో తన్నాడు. "నీకెందుకే ముసల్దానా," అన్నాడు. మళ్ళీ తన్నాడు.

మూడోసారి కాలు వెనక్కి తీసినప్పుడు పిట్ట లేచింది. దవడ ఒక పక్కకు జారి వేలాడుతోంది. చేతిలో నా పెద్ద కత్తెర. దాన్ని అతని తొడలో దింపింది, లాగింది, మళ్ళీ దింపింది. అతను మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఆమె కత్తెర పైకెత్తి మెడ వైపు చూసింది, నేను కాల్చిన చోటే.

వద్దనే మాట నా నోట్లోనే ఉంది. నేను అనలేదు.

కాపలాదారు భుజంతో తలుపు పగలగొట్టి వచ్చాడు, వెనకే సారు. కాపలాదారు పిట్ట చెయ్యి పట్టుకున్నాడు. సారు ట్రే పట్టుకునే వచ్చినట్టున్నారు, కప్పులు ఆయన కాళ్ళ దగ్గరే పగిలాయి. "ఇదేమిటి, ఇదేమిటి," అంటున్నారు ఆయన.

ఆసుపత్రిలో పిట్ట దవడకు తీగలు బిగించారు. మాట లేదు, పలక మీద రాసేది. మర్నాడు ఒక ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి మా ఇద్దరి మంచాల మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఆయన వాదన వినండి. బనీను చూడ్డానికొచ్చాడట, విడిపోయిన భార్య అనుకోకుండా ఎదురుపడిందట, మాటా మాటా పెరిగిందట. కాలిందీ పొడిపించుకుందీ ఆయనే. లాయరు రేపే బెయిలడుగుతాడు. ఆవిడ ఇక్కడుందని ఆయనకు ముందే తెలుసని చూపించగలరా?"

పిట్ట పలక మీద రాసింది: చూపించగలను.

చూపించాలంటే దారొక్కటే. రెండో రివ్యూయర్ ఎవరో కాన్ఫరెన్స్ కమిటీకి ఒక్కదానికే తెలుసు. వాళ్ళకు రాయాలి, ఆ పేపర్ నాది, ఆ నాలుగో వ్యక్తిని నేనే అని. రచయిత పేరు బయటపడితే పేపర్‌ను తీసేస్తారు, అది వాళ్ళ నియమం.

సారు పళ్ళ సంచితో వచ్చి విషయం విని తల పట్టుకున్నారు.

"తొమ్మిది రోజులాగమ్మా. నిర్ణయం వచ్చేస్తుంది. ఒప్పుకున్నాక రాద్దాం, అప్పుడెవడూ ఏం చెయ్యలేడు. ఇప్పుడు రాస్తే పేపరు పోతుంది, నీ మూడేళ్ళూ పోతాయి. నేను పొడిగించమన్నా పైవాళ్ళు వినరు."

"తొమ్మిది రోజుల్లో వాడు మా మెట్ల మీద కూర్చునుంటాడు సారూ," అన్నాను. "మెట్లెన్నో కూడా వాడికి తెలుసు. లెక్క మీరే ఇప్పించారు."

ఆయన పళ్ళ సంచి కింద పెట్టేసి కిటికీ దగ్గరికెళ్ళారు. అంత మాట అన్నందుకు తర్వాత బాధపడ్డాను. అన్నప్పుడు మాత్రం పడలేదు.

కుడిచేతికి సెలైను గొట్టం ఉంది కాబట్టి పిట్ట ఎడమచేతి ఒక్క వేలితో ఉత్తరం కొట్టింది. మధ్యాహ్నమంతా పట్టింది. పంపేముందు స్క్రీన్ నా వైపు తిప్పింది. కింద పేరుండే చోట మార్చుకున్న పేరూ, పాత పేరూ రెండూ రాసింది.

మర్నాడే జవాబొచ్చింది. కమిటీ పెద్ద కూడా ఆడమనిషే. ఆ రివ్యూ అతనిదేనని ధ్రువపరిచింది. అతను నాలుగో వ్యక్తి కొలతలను ఒక్క రోజులో ముప్ఫై ఒక్కసార్లు తెరిచాడు. మిగతా అయిదుగురివీ ఒక్కసారి కూడా తెరవలేదు. ఏ వేళ తెరిచాడో ఆ లెక్కంతా పోలీసులకు పంపింది. చివర్లో రెండు వాక్యాలు: నియమం ప్రకారం పేపర్‌ను ఈ ఏటి పరిశీలన నుంచి తొలగిస్తున్నాం. వచ్చే ఏడు మళ్ళీ పంపగలరు.

బెయిలు ఇవ్వలేదు. విచారణ అయ్యేదాకా బయటికి రాడని ఇన్‌స్పెక్టరమ్మ చెప్పింది. ఆ తర్వాత సంగతి నేనడిగితే, "తర్వాతది తర్వాత చూద్దాం పెద్దమ్మా," అంది. ఆ మాట నేను చాలామంది నోట విన్నాను.

దవడ తీగలు విప్పిన వారానికి పిట్ట ఉద్యోగం గడువు తీరింది. ఇంకెక్కడో చిన్న పని చూసుకుంది. నేను బస్టాండు దాకా వెళ్ళాను. కుడిచెయ్యి ఇంకా కట్టులోనే ఉంది కాబట్టి ఆమె పెట్టె ఎడమచేత్తో ఒక పక్క పట్టుకున్నాను, రెండో పక్క ఆమె పట్టుకుంది. ఆమెకు మాట ఇంకా ముద్దగా వచ్చేది.

"ఊరి పేరు చెప్పనా?" అంది.

"వద్దు."

"నువ్వెవరికి చెబుతావు పెద్దమ్మా?"

"చెప్పేస్తానమ్మా. వాడు నా మణికట్టు పిండినప్పుడు ఏమడిగినా చెప్పేసేదాన్ని. అడగలేదు కాబట్టి సరిపోయింది. నా దగ్గర దాచుకోకు."

ఆమె నా మొహం చూసింది. కొత్త నంబరు రాసిచ్చే చీటీ చేతిలోనే ఉంది, మడిచి తన సంచిలోకే వేసుకుంది. తర్వాత నన్ను గట్టిగా పట్టుకుంది. విరిగిన చెయ్యి నొప్పెట్టింది. వదలమనలేదు.

అక్షరం కంటబడితే చదవకుండా ఉండలేను నేను. ఎవరూ నేర్పకుండా కూడబలుక్కుని నేర్చుకున్న చదువు కావడంతో కళ్ళు వాటంతటవే చదివేస్తాయి. అందుకని బస్సు మీద ఊరి పేరు కంటపడకుండా, ఆమె ఎక్కకముందే వెనక్కి తిరిగి, బస్టాండు గోడకు మొహం పెట్టి నుంచున్నాను. ఇంజను మొదలైన చప్పుడు విన్నాను, బస్సు కదలడం విన్నాను. దాని చప్పుడు మిగతా బస్సుల చప్పుళ్ళలో కలిసిపోయేదాకా తిరగలేదు.