నల్లబండ నన్ను అంటనివ్వలేదు

నేను ఒక సిలికాన్ గొట్టాన్ని. పేరు చెబితే తెలియకపోవచ్చు గాని చూస్తే గుర్తుపడతారు. హార్డ్‌వేర్ షాపులో రంగు డబ్బాల వెనక, మూతికి పొడుగాటి ముక్కు తగిలించుకుని వరసగా పడుకుని ఉంటామే, వాళ్ళలో ఒకణ్ణి. నా లోపల పాలతెలుపు జిగురు ఉంటుంది. పిస్తోలులాంటి గన్‌లో పెట్టి నొక్కితే సన్నటి పట్టీలా బయటికొస్తుంది, గాలి తగిలాక గట్టిపడుతుంది, అద్దానికీ గోడకీ మధ్య కూర్చుంటే చుక్క నీరు దాటనివ్వదు. ఫ్యాక్టరీలో పుట్టిన రోజునే నా పని ఏమిటో తేలిపోయింది, అతుక్కోవడం. డాక్టరవుదామా, కలెక్టరవుదామా అని మనుషుల్లా ఊగిసలాడే శ్రమ నాకు తప్పింది.

ప్రొద్దుటూరులో ఒక షాపు అరలో చాలాకాలం దుమ్ము తిన్నాక నన్ను షేక్షావలి కొన్నాడు. బాత్రూముల్లో అద్దాలు బిగించడం అతని వృత్తి. మంచివాడే గాని, పని చేసినంతసేపూ ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతూనే ఉంటాడు. ఆ ఫోన్ ఒక్కసారీ జారిపడలేదు. అతుక్కోవడంలో నాకంటే అదే నయం అనిపించేది.

అతను నన్ను తీసుకెళ్ళింది ఇందుమతి టీచర్ ఇంటికి. ఆమె హైస్కూల్లో ఆటల టీచర్‌గా చేసి రిటైరైంది. పెళ్ళిళ్ళయి పిల్లలున్న శిష్యులు కూడా ఆమె ఎదురొస్తే ఇప్పటికీ నడుము నిటారుగా పెట్టుకుంటారట. అలాంటి మనిషి సొంత బాత్రూములో కాలుజారి పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి లోపల ప్లేటు వేశారు. నడక తిరిగొచ్చింది గాని, స్నానం చేసి బయటికి రావాలంటే మాత్రం భర్త లోపలికొచ్చి పట్టుకోవాల్సిందే. ఆ గది నేలంతా నున్నగా పాలిష్ చేసిన నల్లటి కడప బండ. పొడిగా ఉంటే బుద్ధిగా ఉంటుంది, తడి తగిలిందా ఇక కాలు నిలవదు. రబ్బరు పట్టా వేసి చూశారు, అదీ ఆమెతో పాటు జారబోయింది. షవర్ చుట్టూ అద్దం పెట్టించి, అద్దం లోపల గరుకు నేల వేయించి, బయట చుక్క తడి లేకుండా చూసుకుంటే ఒక్కతే వెళ్ళి రావచ్చని డాక్టర్ చెప్పాడు.

"నా నీళ్ళు నేను పోసుకోవాల షేక్షా. నాకు గావాల్సింది అంతే," అంది ఆమె షేక్షావలితో.

గన్‌లో కూర్చున్న నాకు ఆ మాట నేరుగా తగిలింది. ఈ ఇంట్లో నేను ఓడిపోకూడదు అనుకున్నాను.

ఆమె భర్త ఓబులేసు గారు బండల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా తల నెరిసేదాకా పనిచేసిన మనిషి. ఆ స్నానాల గది గోడలకు అంటించిన నల్లబండలన్నీ ఆయన ఒక్కొక్కటీ తట్టి, మోగించి, ఏరుకొచ్చినవే. బండల ఫ్యాక్టరీలో ఒక అలవాటుంది. కడప బండ ఆరిపోతే బూడిద రంగుకు తిరుగుతుంది. అందుకని కొనేవాళ్ళు వస్తున్నారంటే ముందే నూనె గుడ్డతో రుద్ది నిగనిగలాడించి పెడతారు. పరాయివాడి ముందు బండని ఎండుమొహంతో నిలబెట్టడమంటే ఫ్యాక్టరీ మనిషికి తలకొట్టేసినట్టుంటుంది. ఉద్యోగం పోయినా ఆయనకు అలవాటు పోలేదు. ఇల్లు కట్టుకున్ననాటి నుంచీ ఆ గోడలకు నువ్వుల నూనె రాస్తూనే ఉన్నాడు. షేక్షావలి వస్తున్నాడని తెలిసి ముందురోజు సాయంత్రం ప్రత్యేకంగా, మూలమూలలా రాశాడు.

ఈ సంగతి ఎవరూ నాకు చెప్పలేదు. గోడని తాకగానే నాకే తెలిసింది. అద్దం వైపు గట్టిగా పట్టుకున్నాను. బండ వైపు నూనె మీద పట్టు దొరకలేదు. షేక్షావలి వేలితో నన్ను నున్నగా సర్ది, గొట్టంలో మిగిలిన నేను ఎండిపోకుండా ముక్కులో మేకు గుచ్చి వెంటిలేటర్ గట్టు మీద పెట్టి, ఫోన్లో మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు. గోడ మీది పట్టీ నేనే, గట్టు మీది గొట్టమూ నేనే. అక్కణ్ణించి గదంతా కనబడేది. చూడటం తప్ప ఏమీ చేయలేని చోటు అది.

మొదటిసారి ఆమె ఒక్కతే లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. స్టూలు మీద కూర్చుని ఎంతసేపు స్నానం చేసిందో. బయటికొచ్చి పొడినేల మీద పాదం పెట్టి, రెండో పాదం పెట్టి, ఎవరూ లేని ఆ గదిలో తనలో తనే నవ్వుకుంది. బయట వరండాలో ఓబులేసు గారు తలుపు వైపు చెవి పెట్టి కూర్చున్నాడని నాకు తెలుసు. ఆయన దగ్గు వినబడుతూనే ఉంది.

వారం తిరక్కుండా నా అంచు లేచింది. గోడకూ అద్దానికీ మధ్య నుంచి నీరు సన్నగా బయటికి పాకింది. ఆమె పాదం గాల్లోనే ఆగిపోయింది. కాసేపు అద్దాన్ని పట్టుకుని అలాగే నిలబడి, చివరికి "ఏమండీ" అని పిలిచింది. ఆ పిలుపు ఆమెకి ఎంత కష్టమైందో విన్నవాళ్ళకే తెలుస్తుంది.

షేక్షావలి మళ్ళీ వచ్చాడు. "సరుకు మంచిది గాదు సార్," అని నన్ను తిట్టాడు. ఇంకోసారి వచ్చి, "అచ్చమైన బండ గదా మేడం, ఎగుడుదిగుళ్ళు ఉంటాయి," అని బండని తిట్టాడు. పాత పట్టీ గీకడం, గుడ్డతో దుమ్ము తుడవడం, మేకు తీసి నాలోంచే కొత్తది వేయడం. నిగనిగలాడే బండల ఊళ్ళో పుట్టినవాడికి ఆ నిగనిగ మీద అనుమానం ఎందుకొస్తుంది? అతను వస్తున్నాడన్న ప్రతిసారీ ఓబులేసు గారు ముందే గుడ్డ పట్టుకుని బయల్దేరేవాడు.

"గోడ ఇట్ల తెల్లగ ఉంటే షేక్షా ఏమనుకుంటాడు ఇందూ," అనేవాడు.

నాకు నోరుంటే ఆ ఊరు ఊరంతా వినబడేలా అరిచేవాణ్ణి. అంతగా ఆమె బాగు కోరే మనిషే ఆమె కాళ్ళ కిందికి నీళ్ళు వదులుతున్నాడు. తెలిసింది నాకొక్కడికే. నా ముక్కులో మేకుంది.

ఒకరోజు పొద్దున ఆమె లేచిపోయిన పట్టీని గోరుతో పీకి చేతిలోకి తీసుకుంది. ఎందుకో ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత గోడ మీద వేలు రాసి, ఆ వేలూ వాసన చూసింది. నువ్వుల నూనె. మొహం ఎర్రబడింది. "ఈ మనిషిని ఏం చేయాల," అని పళ్ళు కొరుక్కుంది. నా సంతోషానికి హద్దు లేదు. ఇన్నాళ్ళకు నా మాట విన్న మనిషి ఒకరు దొరికారు.

ఓబులేసు గారు కూరగాయలకని బజారుకు వెళ్ళగానే ఆమె వేడినీళ్ళలో బట్టల సోడా కలుపుకుని, స్టూలు మీద కూర్చుని, అద్దం ఆనే మేరంతా పీచుతో రుద్దింది. మధ్యమధ్య తుంటి పట్టుకుని ఆగింది. మళ్ళీ రుద్దింది. వాలీబాల్ జట్లను పరిగెత్తించిన చేతులు అవి. ఆయన తిరిగొచ్చాక, "బొద్దింకల మందు కొట్టినాను, షేక్షా వచ్చేదాకా లోపలికి పోవద్దండి," అని, ఆయన మళ్ళీ నూనె రాయకుండా అబద్ధం చెప్పింది. బండ ఆరాక షేక్షావలి నన్ను వేశాడు. ఆ రోజు నేను పట్టుకున్నట్టు ఎన్నడూ పట్టుకోలేదు. బండ కూడా నన్ను పట్టుకుంది.

కానీ వేడినీళ్ళ ఆవిరి రోజూ తగిలేకొద్దీ బండ లోపల్నుంచి నూనె ఊరడం మొదలైంది. ఇన్నేళ్ళుగా తాగిన నూనె, పైపైన రుద్దితే పోయేది కాదు. గోడ పగలగొట్టి బండలన్నీ మార్చాలి, అంతకంటే దారి లేదు. నా పట్టు వేలెడు వేలెడుగా ఊడిపోతుంటే బిగించి పట్టుకుని చూశాను. నీరు మళ్ళీ బయటికి పాకింది. ఆమె దాన్ని చూసి ఏడవలేదు. మొహం తుడుచుకుని ఆయన్ని పిలిచింది.

"ఏమండీ, ఈ గోడకు..." అని మొదలుపెట్టింది.

ఆయన అప్పటికే వంగి, తడిసిన బండ మీద అరచేత్తో నిమురుతున్నాడు. "మళ్ళా కారిందా? షేక్షా గాకపోతే ఇంగొకణ్ణి పిలుస్తా. నీ నీళ్ళు నువ్వు పోసుకునేదాకా నేను ఇడిసిపెట్టను ఇందూ. బండలు చూడు, ఎంత మంచి బండలో. నీకని ఏరుకొచ్చినవి గదా."

ఆమె నోరు తెరిచింది. చెప్పు టీచరమ్మా, చెప్పేయ్ అనుకున్నాను.

"వద్దులెండి," అంది. "అద్దం తీపిచ్చేయండి. మీరే వచ్చి పట్టుకోండి."

ఆయన తలెత్తి చూశాడు. "నిజంగానా?" అన్నాడు. ఆ ముసలి మొహం మీద అంత వెలుగు నేను ఇదివరకు చూడలేదు. ఇన్నాళ్ళకు తన చెయ్యి ఆమెకు ఇష్టమైందనుకున్నాడు పాపం. అప్పుడు నాకు ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు, ఆమె మీద వచ్చింది. కాసేపటికి అదీ పోయింది.

అద్దం వెళ్ళిపోయింది. గొట్టంలో మిగిలిన నేను మేకు చుట్టూ గట్టిపడి గట్టు మీదే ఉండిపోయాను. ఎవరికీ పారేయాలని తోచలేదు. ఇప్పుడు స్నానానికి ముందు ఆయన గుడ్డ తెచ్చుకుని గోడంతా తీరిగ్గా రుద్దుతాడు. ఆమె భుజాన తువ్వాలు వేసుకుని, స్టూలు మీద కూర్చుని, తలుపు తెరిచే ఉన్నా పట్టించుకోకుండా ఆయన్ని చూస్తూ ఉంటుంది.

"ఆ మూల తెల్లబడింది చూడండి. ఆడ గూడ రాయండి," అంది నిన్న.

ఆయన వంగి శ్రద్ధగా రాశాడు. బండ నల్లగా మెరిసింది. ఆయన పట్టుకునేందుకు ఆమె స్టూలు మీద నుంచి చెయ్యి ముందుకు చాపింది.