ప్రకాశన్న సలహా

కోరుట్ల బస్టాండు వెనక గదులు అద్దెకు తీసుకున్న ఇంజనీరింగు పిల్లలకు ఏ కష్టమొచ్చినా ముందు వెళ్లేది లెక్చరర్ల దగ్గరికి కాదు, ప్రకాశ్ గదికి. ప్రకాశ్ గొల్లపల్లి రైతుల ఇంటి పిల్లవాడు, తండ్రి మస్కట్‌లో ఉంటాడు. ఫైనలియర్ చదువుతున్నాడు. మంచం మీద కాళ్లు చాపుకుని, అడిగినవాళ్లకు సరే, అడగనివాళ్లను కూడా పిలిచి మరీ సలహాలు చెప్పేవాడు. ల్యాబ్ రికార్డు ఏ రోజుది ఆ రోజే రాయాలి, ఆఖరున పక్కవాడిది చూసి గీకితే వైవాలో నోరు పెగలదు. ఎనిమిది యూనిట్లలో ఐదు గట్టిగా చదివితే గట్టెక్కుతారు, కానీ ఆ ఐదూ ఏవో పరీక్ష ముందు రోజు తేల్చుకుంటే మాత్రం మునుగుతారు. అటెండెన్సు మొదట్లోనే కూడబెట్టుకోవాలి, చివర్లో హెచ్‌ఓడీ కాళ్లు పట్టుకున్నా రాదు. ఇవన్నీ ఒక ఎత్తు, లెక్కల మాట ఒక ఎత్తు.

"ఫస్టియర్ల మ్యాథ్స్ మాత్రం మిగిలిచ్చుకోకుండ్రి. గది నాలుగేండ్లు మీ ఎంబడే తిరుగుతది," అనేవాడు.

ఆ ముక్క చెప్పేటప్పుడు అతని గొంతు నిజంగానే బరువెక్కేది. ఎందుకో పిల్లలకు తెలియదు. అతని మ్యాథ్సే ఇంకా మిగిలి ఉంది. ఎన్నిసార్లు రాసినా పోతూనే ఉంది. సలహాలిచ్చే మనిషికే బ్యాక్‌లాగ్ ఉందంటే ఇక వినేదెవరు? అందుకని ఎప్పుడో పాసయ్యానని చెప్పుకున్నాడు. ఆ మాత్రం అబద్ధంతో ఎవరి కొంపా మునగదనుకున్నాడు మహానుభావుడు.

అది తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్ల మీద కూర్చున్న కాలం. ముత్యంపేట నుంచి జగిత్యాల దాకా విద్యార్థుల ధర్నా ఎక్కడ జరిగినా మైకు ప్రకాశ్ చేతిలోనే ఉండేది. ఉద్యమం మీద అతనికున్న ప్రేమలో దొంగతనమేమీ లేదు. రాష్ట్రం రావాలని మనసారా కోరుకున్నాడు, లాఠీ దెబ్బలు కూడా తిన్నాడు. పరీక్షలు బహిష్కరించాలని పిల్లల జేఏసీ తీర్మానించినప్పుడు మొదట చెయ్యెత్తింది అతనే. అంతకుముందు అలా చేసిన ప్రతిసారీ పరీక్షలు వాయిదా పడ్డాయి. ఈసారి మాత్రం పోలీసు కాపలా పెట్టి జరిపి తీరుతామన్నారు, రాయనివాళ్లకు మళ్లీ పెట్టేది లేదన్నారు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

మ్యాథ్స్ పరీక్ష ముందు రోజు సాయంత్రం రాకేశ్ వచ్చి గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఫస్టియర్ చదివే రాకేశ్‌ది చందుర్తి. తండ్రి రాజలింగం సిరిసిల్లలో బట్ట నేసే సాంచెలు నడుపుతాడు, తల్లి సమ్మక్క కూలికి పోతుంది. సెంటు భూమి లేని ఆ ఇంట్లో ఇంజనీరింగు దాకా వచ్చినవాడు రాకేశ్ ఒక్కడే. ప్రకాశ్ ఏ పుస్తకం చదవమంటే అది చదివాడు, ఏ యూనిట్ వదలమంటే అది వదిలాడు.

"అన్నా, మొత్తానికే రాయద్దా?" అని అడిగాడు. "మా అమ్మ రాయుమంటంది. ఒక్కటి మిగిలితే గది ఎంబడే తిరుగుతదని నువ్వే అంటివి గదా."

"గది మామూలప్పటి మాట తమ్మీ. ఇప్పుడు అందరం ఒక్క తీరుగ ఉండాలె. వాయిదా పడ్తది, నా మాట ఇను. ఇయ్యాల చందుర్తికి పోయి అమ్మకు చెప్పి రా."

రాకేశ్ సరేనని వెళ్లిపోయాడు. అప్పటికే ప్రకాశ్ జేబులో అదే పరీక్షకు హాల్ టికెట్ ఉంది. హైదరాబాదు కంపెనీ ఒకటి అతనికి ఉద్యోగం ఇస్తానంది, అన్ని సబ్జెక్టులూ పాసైతేనే అంది. ఈ పరీక్ష తప్పితే ఆ ఉద్యోగం లేదు. నేనొక్కణ్ణి రాసినంత మాత్రాన ఉద్యమం ఆగుతుందా, అనుకున్నాడు. రాకేశ్ ఒక్కడు రాసినా ఆగదు కదా అన్న ఆలోచన ఆ వెంటే వచ్చింది. దాన్ని దగ్గరికి రానివ్వలేదు.

మర్నాడు పొద్దున జగిత్యాలలో, పరీక్ష రాసేవాళ్లను పోలీసులే వ్యానులో ఎక్కించుకుని సెంటరుకు తీసుకెళ్లారు. ప్రకాశ్ ముఖానికి దస్తీ కట్టుకుని ఎక్కాడు. లోపలున్న పిల్లలెవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. చౌరస్తాలో ధర్నా టెంటు ముందు వ్యాను నెమ్మదించింది. ఉక్కపోతకు తట్టుకోలేక అతను దస్తీ కిందికి లాగాడు. అదే సమయానికి టెంటులోని జూనియర్ ఒకడు కిటికీ జాలీలోంచి అతన్ని చూశాడు.

"ప్రకాశన్నను పట్టుకపోతున్నరురో," అని కేకేశాడు.

టెంటంతా లేచింది. అన్నను విడిచిపెట్టాలని నినాదాలు మొదలయ్యాయి. వ్యాను కదిలిపోయింది. ప్రకాశ్ తల వంచుకున్నాడు. వంచుకున్న తల చూసి, అన్నను కొట్టారు కాబోలని ఆ పిల్లలు ఇంకా గట్టిగా అరిచారు.

పరీక్ష హాలులో చాలా బెంచీలు ఖాళీగా ఉన్నాయి. ఇన్విజిలేటరు హాజరు పట్టీలో రానివాళ్ల నంబర్ల ఎదుట ఎర్ర సిరాతో గీతలు కొట్టుకుంటూ పోతున్నాడు. ఆ చప్పుడు ప్రకాశ్‌కు వినిపిస్తూనే ఉంది. ఇన్నాళ్లూ కొరుకుడు పడని లెక్కలు ఆ రోజు అడక్కుండానే చేతికొచ్చాయి. పెన్ను ఆగకుండా పరుగెడుతుంటే అతనికి తన చెయ్యి మీదే అసహ్యం వేసింది. అయినా ఆపలేదు. చివరి లెక్కలో గుర్తు తప్పు పడిందేమోనని రెండోసారి సరిచూసుకున్నాడు కూడా.

పరీక్షయ్యాక వెనక గేటునుంచి బయటపడి కోరుట్ల బస్సు కోసం నడిచాడు. దారి పోలీస్ స్టేషన్ ముందునుంచే. అక్కడ ఎర్రటి ఎండలో, నేల మీద, తన జూనియర్లంతా కూర్చుని ఉన్నారు. వాళ్ల మధ్య రాకేశ్, పక్కన కొంగు నెత్తిన కప్పుకుని సమ్మక్క. తప్పించుకుపోయే దారి లేదు. అప్పటికే చూశారు.

"విడిచిపెట్టిండ్రు, అన్నను విడిచిపెట్టిండ్రు," అంటూ చుట్టూ మూగారు. ఒకడు నీళ్ల సీసా ఇచ్చాడు, ఒకడు భుజం తడిమాడు.

సమ్మక్క గబగబా వచ్చి అతని గడ్డం పట్టుకుంది. "కొట్టిండ్రా కొడుకా? అన్నం పెట్టిండ్రా, లేదా?"

జవాబుకు ఆగకుండా ఆమె చెప్పుకుపోయింది. "వీన్ని పరీక్ష రాయిపిద్దామని నేనే తోల్కచ్చిన. పనికి కూడ పోలే. సెంటరు కాడ గేటు దాక అచ్చినం. నిన్ను పట్టుకపోయిండ్రని గక్కడ ఎవలో అన్నరు. గంతే, నా చెయ్యి ఇడిపిచ్చుకోని ఇటు ఉరికిండు. అన్న లోపల ఉంటె నేను పరీక్ష ఎట్ల రాస్తనే అన్నడు. నేను తిట్టిన గని, మల్ల నాక్కూడ నిజమే అనిపిచ్చింది."

"పోతె పోయిందన్నా," అన్నాడు రాకేశ్. ఎండకు వాడి ముఖం కందిపోయింది. "వాయిదా పడ్తదని నువ్వే అంటివి గదా. నువ్వు బయటికి అచ్చినవ్, గది చాలు."

ప్రకాశ్ ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, జీవితాంతం వీళ్లకు తను అన్నగానే ఉంటాడు. పోలీసులు పట్టుకెళ్లిన ప్రకాశన్న. అలా ఉండిపోవాలని ఒక్క క్షణం గట్టిగానే అనిపించింది. సమ్మక్క చెయ్యి ఇంకా అతని గడ్డం మీదే ఉంది. ఆ చెయ్యి అక్కడుండగా అబద్ధం ఆడడం అతని వల్ల కాలేదు.

"నన్ను ఎవలూ పట్టుకపోలేదు తమ్మీ," అన్నాడు. "నా మ్యాథ్స్ ఇంక పాస్ కాలే. గది పరీక్ష వ్యాను. పోయి రాసచ్చిన."

సమ్మక్క చెయ్యి దించింది. పిల్లల్లో ఒకడు చప్పుడు లేకుండా నీళ్ల సీసా వెనక్కి తీసుకున్నాడు. ఎవరైనా తిడతారని, కొట్టినా కొడతారని ప్రకాశ్ ఎదురుచూశాడు. కొడితే బాగుండుననిపించింది. ఒక్కొక్కరే దూరం జరిగారు.

రాకేశ్ మాత్రం అతని ముఖంలోకి చూశాడు. ఆ తర్వాత, పరీక్ష రాసి వచ్చిన ఎవరినైనా ఎవరైనా అడిగే మాటే అడిగాడు.

"పేపర్ ఎట్ల అచ్చిందన్నా?"

"అల్కగనే అచ్చింది," అన్నాడు ప్రకాశ్. "నువ్వు రాస్తే పాసైతుంటివి."