ఒకసారి తడితే కామా

ఉప్పుకి కూడా చప్పుడుంటుందని ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదేం, చెంచాలోంచి గిన్నెలోకి జారుతూ సన్నగా, ఇసుక మీద ఎవరో మెల్లగా నడిచి వెళ్ళినట్టు, ఆమె ఇంకో చెంచా పోసింది, మళ్ళీ వినిపించింది, మూడోది పొయ్యబోయి ఆగింది, కూర ఉప్పు కషాయమైందంటే చెల్లెలు వీధి వీధంతా వినేలా అరుస్తుంది, అరుపులకేం లోటు, పదకొండేళ్ళుగా ఈ ఇంట్లో మంచినీళ్ళు ఇమ్మన్నా అరుపే, పొద్దున్న గుమ్మంలో నిలబడి అక్కా లేచావా అని అది పెట్టిన కేకకి గుండె గుభేలుమంది, అరవకే తల్లీ, వినిపిస్తోంది అంటే, సరే సరే అని అంతకన్నా గట్టిగా అరిచింది, పాపం దాని గొంతుకి ఇక ఆ మెట్టు ఒక్కటే తెలుసు, చెవుల వెనక వినికిడి మిషన్లు పెట్టుకుని ఇది మూడోరోజు, రెండ్రోజుల సెలవూ అయిపోయింది, ఫ్రిజ్ తనలో తను ఏదో గొణుక్కుంటోంది, చెప్పులు నేలతో తగువు పెట్టుకున్నాయి, గుటక వేస్తే పక్కగదిలో ఎవరో తలుపు వేసినట్టుంది, మిషన్లు బిగించిన అమ్మాయి ముందే చెప్పింది, మీ మెదడు ఇవన్నీ మర్చిపోయిందండీ, ఏది వినాలో ఏది వదిలెయ్యాలో దానికి మళ్ళీ నేర్పాలి, విసుగొచ్చినా తియ్యకండి, వారం చూసి ఉంచుకుంటారో తిరిగిచ్చేస్తారో చెప్పండి అంది, వారమెందుకు, ఆమెకి ఒక్క పూట చాలు, ఒకే ఒక్క గొంతు వినడానికి కదా ఈ తంటాలన్నీ, ఆ సంగతి చెల్లెలికి చెప్పలేదు, చెబితే ఈ వయసులో నీకిదేం పోయేకాలమే అన్నట్టు చూస్తుంది, ఏమాటకామాటే, కాస్త పోయేకాలమే.

వీధిలోకి వస్తే లోకమంతా ఒకేసారి మీద పడింది, ఎండుటాకు సిమెంటు మీద గీసుకుంటూ పోయింది, ఎవరి కిటికీలోంచో గ్లాసులో చెంచా తిరిగింది, వెనకెక్కడో సైకిలు గొలుసు, అన్నీ ఒకే దూరంలో, చెవి పక్కనే, అడుగులు తనవేనా కావా అని ఒకసారి ఆగి చూసుకుంది, తనవే, కల్లో నడిచినట్టు మళ్ళీ కదిలింది, ఎలా ఉంటుందో ఆ గొంతు, లావుగా, కాస్త బొంగురుగా, అడుగున ఒక తీపి ఉండి, అంత పెద్ద దవడకి సన్నటి గొంతు నప్పదు, పదకొండేళ్ళుగా ఎదురుగా కూర్చుని చదివే మనిషి పెదాలమీద ప్రతి మడతా తెలుసు, ప కి కింది పెదవి ఎలా మెరుస్తుందో, ఊ కి మీసం ఎలా ముందుకొస్తుందో తెలుసు, గొంతొక్కటే తెలియదు, ఇవాళ తెలుస్తుంది, మిషన్ల మాట చెప్పకూడదు, జుట్టు చెవులమీదికి దువ్వుకున్నది అందుకే, ముందు దొంగచాటుగా వినాలి, కడుపారా విన్నాక అప్పుడు చెప్పొచ్చు.

అచ్చాఫీసు మూడో అంతస్తులో ప్రూఫుల గది, బల్లకి ఇద్దరు, ఒకరు రాతప్రతి పైకి చదివితే ఇంకొకరు అచ్చుకాగితం మీద పెన్సిల్ పెట్టి వెంట నడవాలి, ఆమె చెవులు మందగించినప్పుడు ఎదుటి కుర్చీలో ఉన్న లావుపాటావిడ మొదట్లో బాగానే చదివేది, తర్వాత అరిచేది, ఆ తర్వాత గదిలో నవ్వులు, వాళ్ళ భుజాలు కదలడం కనిపించేది కదా, చెవులు పోయాయి గానీ కళ్ళు పోలేదుగా, మేనేజరు ఇంటికి పంపించేస్తాడని ఆమె పెన్సిళ్ళు సర్దుకున్న వారంలోనే ఈయన వచ్చాడు, గదంతా ఈయన్ని మౌనిగారూ అంటుంది, పొద్దస్తమానం గడగడా చదివే మనిషికి అదేం పేరో, ఒక ముక్క చదివి ఆమె తలెత్తేదాకా ఆగుతాడు, కామా వస్తే బల్లమీద వేలితో ఒకసారి తడతాడు, వాక్యం అయిపోతే రెండుసార్లు, అది ఆమె మోచేతికి తెలుస్తుంది, ఇన్నేళ్ళలో ఒక్క కామా జారిపోలేదు, మేనేజరు ఇంటికి పంపే మాట ఎత్తలేదు.

ఇవాళ కొళాయిల మరమ్మతు పుస్తకం, నలభై మూడో పేజీ, ఆయన కుర్చీ కిర్రుమంది, కాగితం తిప్పితే ఎంత చప్పుడో, అబ్బ, ఆయన అద్దాలు సర్దుకున్నాడు, ఆమె ముందుకి వంగింది, ఆయన పెదాలు విడివడ్డాయి, వాషరు మార్చే ముందు, ధన్‌మని బల్లమీద పిడుగు పడ్డట్టు ఒక దెబ్బ, ఆమె ఉలిక్కిపడింది, నీరు పూర్తిగా కట్టివేయవలెను, ధన్ ధన్, ఆయన తలెత్తి చూశాడు, అయితే గొంతేదీ, పెదాలు చక్కగా కదిలాయి, మాటలన్నీ అందాయి, గొంతేదీ, మిషన్లు చచ్చినట్టున్నాయి, ఇప్పుడే చావాలా, ఇంత దువ్వుకుని వస్తే, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంటే వేళ్ళు జుట్టుకి రాసుకుని గరగరమన్నాయి, నాలుగు బల్లల అవతల ఎవరో తుమ్మారు, ఫ్యాను తిరుగుతోంది, మిగతా జంటలు చదువుకుంటున్నారు, చివరికి ఆయన ఊపిరి కూడా వినిపిస్తోంది, ముక్కులోంచి, కొంచెం జలుబుతో, అన్నీ ఉన్నాయి, ఆయన మళ్ళీ చదివాడు, పాత వాషరును పారవేయక, ధన్, ఏమీ లేదు, పెదాలు, పళ్ళు, నాలిక, శ్రద్ధగా, ఒక్కో అక్షరాన్నీ నోటిలో గుండ్రంగా చేసి ఆమెకి అందిస్తున్నాడు, చప్పుడు లేకుండా.

ముందు కోపం వచ్చింది, పదకొండేళ్ళు, ఈ గదిలో అందరికీ తెలుసు, మౌనిగారని ఊరికే అనలేదు, తనొక్కతే వెర్రిదానిలా వింటున్నాననుకుంది, చెవిటిదానికి గొంతెందుకులే దండగ అనుకున్నాడు కాబోలు, జుట్టు పక్కకి తోసేసింది, నాకు వినిపిస్తోందండీ అంది, తన గొంతు గదిలో ఎంత పెద్దదైపోయిందో అప్పుడు తెలిసింది, పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు, ఆయన మిషన్లకేసి చూశాడు, మొహంలో నెత్తుటి చుక్క లేదు, మంచి కబురు విన్న మనిషిలా లేడు, పట్టుబడిన మనిషిలా ఉన్నాడు, గొంతుతో చదవండి, మీ గొంతు వినాలని పెట్టించుకున్నాను, అనేసింది, అంత మాట పైకి అంటుందని ఆమె కూడా అనుకోలేదు, ఆయన రాతప్రతి దగ్గరికి లాక్కున్నాడు, నోరు తెరిచాడు, వా, అన్నాడు, వా, వా, దవడ బిగిసింది, మెడ నరం లేచింది, వా, చెవులు ఎర్రబడ్డాయి, ఆ గొంతు లావుది కాదు, బొంగురుదీ కాదు, సన్నగా, పొడిగా, ఒక అక్షరం దగ్గర ఇరుక్కుని గింజుకుంటోంది, షరు బయటికి రాలేదు, ఎవరో కిసుక్కుమన్నారు, నవ్వు చప్పుడు ఇలా ఉంటుందన్నమాట, భుజాలు కదలడం కన్నా అన్యాయం, ఆయన నోరు మూసుకుని కిందికి చూశాడు, తర్వాత తలెత్తి, ఎప్పటిలాగే, చప్పుడు లేకుండా అన్నాడు, అందుకే ఈ బల్ల నేనే అడిగి తీసుకున్నానండీ, గొంతు పెట్టకపోతే నాకు మాట ఎక్కడా ఇరుక్కోదు.

కోపం ఎటు పోయిందో పోయింది, ఏడుపొచ్చింది, మిషన్లు తీసి సొరుగులో పడేస్తే ఈ క్షణం గండం గడుస్తుంది, చెయ్యి సగం లేచింది కూడా, ఆయన ఆ చెయ్యికేసి ఆశగా చూశాడు, చూసి సిగ్గుపడ్డాడు, తల అడ్డంగా ఊపాడు, వద్దు, ఉంచుకోండి, పెదాలతోనే, ఆమె చెయ్యి దించి పెన్సిల్ తీసుకుంది, మీకెలా వీలైతే అలా చదవండి, నాకేం రైలు తప్పిపోదు అంది, ఈసారి మెల్లగా, ఆయనకి మాత్రమే వినబడేలా, అంత చిన్నగా మాట్లాడి ఎన్నేళ్ళయిందో, ఆయన రాతప్రతిలో ఆ వాక్యం కింద వేలు పెట్టుకుని, వా, అని మొదలుపెట్టాడు, ఆమె పెన్సిల్ ఆ అక్షరం కిందే ఉంచి ఆగింది, ఫ్యాను తిరుగుతోంది, వా, ఆ అమ్మాయి చెప్పినట్టు ఏది వదిలెయ్యాలో మెదడు కాస్త కాస్త నేర్చుకుంటోంది, నవ్విన బల్ల దూరమైంది, కుర్చీల కిర్రులు దూరమయ్యాయి, వా, కొళాయిల గురించి, వంతెనల గురించి, జ్వరాల గురించి, లెక్కలేనన్ని పుస్తకాలు, మధ్యమధ్య వాన వచ్చేట్టుందనీ, మీరు చిక్కారనీ, ఈయన అన్న మాటలన్నీ ఒక్క తడబాటూ లేకుండా ఆమెకి చేరాయి, ఈ భూమ్మీద ఇంకెవరికీ అలా చేరలేదు.