మిగతా లోపలి పేజీలో

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాక నాకు సొంత బీరువా దొరికింది, వంటింట్లో సగం పెత్తనం దొరికింది. ఆదివారం పేపర్లో మాత్రం ఒక్క కాగితం దొరకలేదు.

ఆదివారం అనుబంధం నాలుగు కాగితాలు. నేను రాకముందు ఇంట్లో మనుషులూ నలుగురే. టీ కప్పులు బల్ల మీదికి రాగానే మామగారు అనుబంధాన్ని విడదీసి పంచుతారు. దేశవిదేశాల సంగతులు ఆయనకి, కళలూ పుస్తకాలూ అత్తగారికి, వ్యాపారం మా ఆయనకి, టెక్నాలజీ మరిదికి. ఎవరి కాగితం వాళ్ళది. పక్కవాళ్ళది ముట్టుకుంటే వాళ్ళ కంచంలో చెయ్యి పెట్టినట్టే. భోజనాల దగ్గర ఎవరు చదివింది వాళ్ళు చెప్పాలి, మిగతావాళ్ళు వాదనకి దిగాలి. నేను మాత్రం కప్పులు తీసేదాన్ని. పైకి నవ్వుతూ లోపల ఉడికిపోయేదాన్ని. ఆ వాదనలో నాకూ ఓ మాట కావాలి.

ఓ ఆదివారం కప్పులు అక్కడే వదిలేసి కుర్చీల వెనక పచార్లు మొదలుపెట్టాను.

నేను కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్ష చేస్తాను. ఎదుటివాళ్ళ కళ్ళు ఎక్కడ ఆగిపోతున్నాయో కనిపెట్టడమే నా ఉద్యోగం. మామగారి కళ్ళు పేజీ అడుగున ఆగాయి. నిట్టూర్చి కాగితం మడిచేశారు.

"డ్రైవర్ లేని బస్సులొచ్చేస్తున్నాయట. ఇక మావాళ్ళ పని అయిపోయినట్టే," అన్నారు. జీవితమంతా బస్సు నడిపి రిటైరైన మనిషి, మొహం వాడిపోయింది.

"కింద 'మిగతా లోపలి పేజీలో' అనుంది కదా మామయ్యా?"

"లోపలి పేజీ మీ అత్తయ్యది."

"మీరు చదవరా అత్తయ్యా?"

"మొదలు తెలియంది నాకెందుకమ్మా," అన్నారు అత్తగారు, కళ్ళజోడు పైనుంచి చూస్తూ.

నాకు నవ్వాగలేదు. ఇన్నేళ్ళుగా వీళ్ళు సగం చదివి, పూర్తిగా పోట్లాడుకుంటున్నారన్నమాట.

అత్తగారి భుజం మీదుగా వంగి మిగతాది గట్టిగా చదివాను. ఆ బస్సులు తిప్పిన ఊళ్ళో జనం ఎక్కడానికి ఒప్పుకోలేదట. ముసలివాళ్ళు కూర్చునేదాకా ఆగేదెవరు, పరిగెత్తుకొచ్చేవాళ్ళని అద్దంలో చూసి బ్రేకు వేసేదెవరు అని అడిగారట. చివరికి కంపెనీవాళ్ళు పాత డ్రైవర్లనే పిలిపించి బస్సుకొకరిని కూర్చోబెట్టారట, బస్సులకి మర్యాద నేర్పడానికి.

మామగారు పొట్ట కదిలేలా నవ్వారు. "నేనూ అద్దంలో చూసి ఆపేవాణ్ణే. కావాలంటే మీ అత్తయ్యనడుగు. పరిగెత్తుకొచ్చే ఎక్కింది, మొదటిసారి."

"చాల్లెండి," అన్నారు అత్తగారు. కాగితం మాత్రం మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

"వదినా, నాదీ మధ్యలో తెగింది. మిగతాది అన్నయ్య దగ్గరుందేమో చూడవా?" అన్నాడు మరిది. మా ఆయన అడక్కుండానే తన కాగితం ఎత్తి పట్టుకున్నాడు. భోజనాల వేళకి నా గొంతు బొంగురుపోయింది. అంత సంతోషంగా నేనెప్పుడూ గొంతు పోగొట్టుకోలేదు.

మరుసటి ఆదివారం టీ తీసుకుని వచ్చేసరికి బల్ల దగ్గర ఐదో కుర్చీ వేసి ఉంది. దాని ముందు అనుబంధం విడదీయకుండా పెట్టి ఉంది. నలుగురూ చేతులు కట్టుకుని నావైపే చూస్తున్నారు.

"కూర్చోమ్మా," అన్నారు మామగారు. "కప్పుల సంగతి మేం చూసుకుంటాం. నువ్వు చివరిదాకా చదువు."