బొమ్మక్క చూసిన బడి

బొమ్మక్క పొద్దున్నే బడికి వచ్చి, ఎవరూ రమ్మనకుండానే గోడవారన చతికిలబడింది. పక్కన మనమరాలు సంతానలక్ష్మి.

"పిల్లను విడిచిపెట్టి పో," అన్నాడు వీరసామి వాత్తియారు.

"పోను. ఈ పొద్దంతా ఈడనే. మీ ఇంటామె కుట్టు నేర్పిస్తాదని పంపినాము. ఆయమ్మ పోయింది. ఇంక ఈ పళ్ళికూటంలో ఆడపిల్లకు ఏముండాదో చూస్తా. బాగుంటే సరి. లేకుంటే పిలుచుకొని పోతా."

కోవిల్‌పట్టికి రెండు క్రోసుల దూరాన ఉన్న ఆ నల్లరేగడి తెలుగు ఊళ్ళో బడి అంటే ఒకటే గది, ఒకే పంతులు, ఈ వాత్తియారు. ఆయన భార్య కృష్ణమ్మాళ్ మధ్యాహ్నాలు ఆడపిల్లలకు కుట్టు నేర్పేది. దానికోసమే ముగ్గురు ఆడపిల్లలు వచ్చారు. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి ఆయన చదువు చెప్పాడు. చిత్తిరై నెలలో వాంతిభేది తగిలి కృష్ణమ్మాళ్ పోయింది.

సంతానలక్ష్మి లాంటి బుర్ర ఆ గదిలో ఆయనకు మరొకటి కనబడలేదు. ఆ పిల్లను పోనివ్వకూడదు. ఆ మాట బొమ్మక్కతో అనడానికి మాత్రం నోరు పెగల్లేదు. ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు. అడిగే పనులన్నీ కృష్ణమ్మాళ్‌వే.

తమిళ వాచకం అయింది. తర్వాత లెక్క.

"బండికి పదమూడు మూటల పత్తి. ఎనిమిది బండ్లకు ఎన్ని?" తమిళంలోనే అడిగాడు. పిల్లలు తెలుగులో గొణుక్కుంటూ వేళ్ళు మడిచారు.

"నూట నాలుగు!" అంది సంతానలక్ష్మి, మగపిల్లలు ఇంకా మొదటి చెయ్యి మడుస్తుండగానే.

"ఆడపిల్ల అంత గట్టిగా అరవాల్నా?" అంది బొమ్మక్క.

భూగోళం పాఠానికి పిల్లల్ని వాకిట్లోకి తీసుకొచ్చి, చెట్టు నీడన నేల మీద సున్నంతో రైలు దారి గీశాడు. చెల్లసామిని విరుదునగర్‌గా, సంతానలక్ష్మిని సాత్తూరుగా, పొన్నుతాయిని కోవిల్‌పట్టిగా నిలబెట్టాడు. చిన్నపిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని కూత పెడుతూ వాళ్ళ ముందునుంచి పోయారు.

"నా మనమరాల్ని ఏమిటికయ్యా ఊరు చేసి ఎండలో నిలబెట్టినావు?"

"అది నీడే."

"నాకు ఎండ మాదిరే ఉండాది."

మధ్యాహ్నం అందరూ ఇళ్ళకు పోయి కంబంగూళ్ అనే సజ్జ అంబలి తాగి వచ్చాక కుట్టు. ఆయనకు తెలిసిన కుట్టు ఒకటే, పత్తి గోనె మూతి కుట్టేది. రవిక గుడ్డ తీసుకుని బారుబారు పోగులు వేశాడు. చెల్లసామి నవ్వి బెత్తం దెబ్బ తిన్నాడు. బొమ్మక్కా నవ్వింది, ఆమెను కొట్టడానికి లేదు.

"అది రవికనా, పత్తి మూటనా? దాంట్లో చెయ్యి దూరిస్తే కాలు కూడా దూరతాది! ఇట్ల తే." గుడ్డ లాక్కుని, సూదిలో పోగు మార్చి, చీమల బారు లాంటి కుట్టు వేసింది. ముగ్గురు ఆడపిల్లలూ ఆమె మోకాళ్ళ దగ్గరికి జరిగారు. వేలు పట్టి వేయించింది, తప్పైతే విప్పించింది, తిట్టింది. వీరసామి తక్కినవాళ్ళకు చూచిరాత పెట్టి ఊరుకున్నాడు. గెలిచాననుకున్నాడు. రేపటినుంచి ఈమే వస్తుంది.

బొమ్మక్క పోగు కొరికి లేచింది. "దా పాపా, పోదాం."

"ఎక్కడికి?"

"ఇంటికి. కుట్టు నాకే వస్తాది. నేర్పేది నేనే అయితే పళ్ళికూటం ఏమిటికి?"

వీరసామి లేచి గడప దగ్గరికి వచ్చాడు. "పిల్లను ఉండనీ."

"ఏమిటికి?"

"లెక్క వస్తుంది దానికి."

"చేనికి కలుపు తీయను పోతే అదీ వస్తాది."

"ఉండనీ అంటున్నా కదా! చెవుడా నీకు?"

"చూడు, ఇది అడిగే తీరా? కృష్ణమ్మాళ్ మా గడపలో కూర్చుని, గంపెడు మిరపకాయలకు తొడిమలు తీసిచ్చి, పోయేముందు పిల్లను పంపమని అడిగేది. ఆయమ్మ మొగం చూసి పంపినాము. నీ మొగం చూసి ఎవురు పంపుతారు?"

పిల్ల చెయ్యి పట్టుకుని గడప దాటింది. సంతానలక్ష్మి ఏడవలేదు. పలక చంకలో పెట్టుకుని నడిచింది.

వీరసామి బొమ్మక్కను ఆ రోజు క్షమించలేదు, తర్వాతా క్షమించలేదు. కృష్ణమ్మాళ్‌నూ క్షమించలేదు. మిరపకాయల సంగతి ఆమె ఒక్కనాడూ చెప్పలేదు. అడగడం ఎలాగో నేర్పకుండానే పోయింది.

మిగిలిన ఇద్దరూ, పొన్నుతాయి, మాయక్కాళ్, గుడ్డ ఒళ్ళో పెట్టుకుని ఆయన్నే చూస్తున్నారు.

"కుట్టు అయిపోయింది. రేపటినుంచి ఉండదు. వచ్చేదుంటే లెక్కకు రండి."

"కుట్టు లేకుంటే మాయమ్మ పంపదయ్యా," అంది పొన్నుతాయి.

"నేను వచ్చి అడుగుతాను."

పొన్నుతాయి ఒళ్ళో గుడ్డ మడిచింది. "మీరు అడిగితే తిట్టినట్టుంటాదే."

"ఎనిమిదో ఎక్కం చెప్పు," అన్నాడు వీరసామి.