మోకాలెత్తు ఎరుపు

సెప్టెంబరు రెండో వారం వచ్చిందంటే మా ఊరంతా డెల్ఫీన్ నర్సరీకి బయలుదేరుతుంది. ఆకురాలు కాలానికి ఇంటిముందు ఏ మొక్క పెట్టాలన్నది మా వెర్మాంట్ కొండల్లో పెళ్ళిసంబంధం చూసినంత పని. ఈ నేలలో పుట్టిన జాతి మొక్క రంగు తిరిగితే, ఆ ఇంట్లో పోయినవాళ్ళు దాని పక్కకొచ్చి నిలబడతారు. ఆకు రాలగానే వెళ్ళిపోతారు. ఒక్కొక్కరికి ఒక్క మొక్కే; ఒకసారి వచ్చి నిలబడ్డాక చోటు మార్చుకోరు. మా ఊరి లూసియన్ ముందూ వెనకా చూసుకోకుండా ఓక్ చెట్టు పెట్టాడు. దాని ఆకు ఓ పట్టాన రాలదు. వాళ్ళ అత్తగారు క్రిస్మస్ దాటినా కదలదు, పాపం ఆవిడ చుట్టూ తిరుగుతూ మంచు ఎత్తిపోసుకుంటాడు.

మా వీధిలో ఉండే ఆర్డిస్ కూతురు కొరీన్ ఫిబ్రవరిలో పోయింది. రోడ్డు మీద మంచుకి కారు జారింది. నలభై దాటాక పుట్టిన ఒక్కగానొక్క పిల్ల, పంతొమ్మిదేళ్ళది.

వాళ్ళింటి ముందు, ఆకురాలు కాలంలో నిప్పులా ఎర్రబడే మంటపొదల కంచె ఉండేది. ఆర్డిస్ భర్త ఎలరీ ఇరవయ్యేళ్ళ కిందట పెట్టాడు. ఊళ్ళో అంత ఎరుపు ఇంకెక్కడా లేదు. కానీ అది సముద్రాల అవతలి జాతి, దాని పక్కన ఎవరూ వచ్చి నిలబడరు. "రంగు చూసి మోసపోయావోయ్" అని జనం ఆటపట్టిస్తే ఎలరీ నవ్వేవాడు. అప్పటికి ఆ ఇంట్లో ఎవరూ పోలేదు మరి. ఏప్రిల్లో గొడ్డలీ పారా తీసుకుని కంచెనంతా వేళ్ళతో సహా పెకలించేశాడు. మర్నాడే ఇల్లు అమ్మకానికి పెట్టాడు.

"ఆరిజోనాలో మా చెల్లెలి దగ్గరికి పోదాం. వాళ్ళ వీధిలో ఏ ఆకూ ఎర్రబడదు," అన్నాడు.

ఆర్డిస్ ఒప్పుకుంది. డిసెంబరులో వెళ్ళాలి. ఆలోపు పిల్లకి ఒక్క మాట చెప్పుకోవాలి. ఆమెకి ఇంకే కోరికా లేదు.

"పెద్ద చెట్టు ఇవ్వండి, మేపుల్ అయినా సరే," అని డెల్ఫీన్‌ని అడిగింది.

"పెద్దదాన్ని పెళ్ళగించి తెస్తే మూడేళ్ళు రంగు తిరగదమ్మా. మొక్క ఎంత ఎత్తో మనిషీ అంతవరకే, తెలుసుగా. ఈ సుమాక్ మొక్క తీసుకో. రెండేళ్ళలో నిన్ను దాటిపోతుంది, పిల్ల నిండుగా వస్తుంది. కాకపోతే నాలుగు రోజులే. గాలి వీచిందా, ఆకంతా నేలపాలు."

"ఈ ఏడు వచ్చేది ఏదీ లేదా?"

డెల్ఫీన్ ఇష్టం లేకుండానే బ్లూబెర్రీ పొద చూపించింది. "మోకాలెత్తు. మూడు వారాలు నిలుస్తుంది. కానీ ఏడాదికి మూడంగుళాలే పెరుగుతుంది. తొందరపడకు తల్లీ. తొందరపడ్డవాళ్ళందరూ ఏడ్చారు."

"రెండేళ్ళకి నేనీ ఊళ్ళో ఉండను," అని ఆర్డిస్ ఆ పొదే తీసుకుంది.

అక్టోబరు ఏడున పొద్దున్నే కాఫీ కప్పుతో వరండాలోకి వచ్చేసరికి, ఎర్రబడ్డ పొద పక్కన రెండు కాళ్ళున్నాయి. మోకాళ్ళ దాకానే. ఆ పైన ఎదురింటి గుమ్మడికాయలు కనిపిస్తున్నాయి. ఎడమ బొటనవేలి గోటి మీద సగం చెరిగిన నీలం రంగు. ఆర్డిస్ కప్పు మెట్ల మీదే వదిలేసి పొద దగ్గరికి పరిగెత్తింది.

"కొరీన్ వచ్చిందా, మంచిది," అని పోస్ట్‌మాన్ ఉత్తరాలిచ్చి వెళ్ళాడు.

ఇరవై రోజులు ఆర్డిస్ ఆ పొద దగ్గరే కూర్చుంది. "నువ్వు కారెక్కి వెళ్ళిన ఆ రోజు కోపంలో మళ్ళీ ఈ గడప తొక్కకు అన్నాను. తప్పు నాదే తల్లీ. లోపలికి రా," అని రోజూ చెప్పింది. వినడానికి చెవులేవి? మాటలన్నీ మోకాళ్ళ పైన గాలిలో కలిసిపోయాయి. ఉన్ని మేజోళ్ళు తెచ్చి తొడిగితే వేళ్ళు ముడుచుకున్నాయి. చలికో కోపానికో ఆ తల్లికి తెలియలేదు. అంత దుఃఖం నేను ఇంకెవరి ముఖంలోనూ చూడలేదు.

ఇరవై ఒకటో రోజు వాన పట్టుకుంది. ఆకులు పైనుంచి రాలుతుంటే కాళ్ళూ పైనుంచే తరిగిపోతున్నాయి. అన్నాళ్ళూ గడప దాటని ఎలరీ గొడుగు తీసుకుని వచ్చాడు. భార్యకి కాదు, పొదకి పట్టాడు.

"చెవులు రావడానికి ఎన్నేళ్ళు పడుతుంది?" అన్నాడు.

"పద్నాలుగు. అప్పటికి నాకు డెబ్భై అయిదు."

"నాకు డెబ్భై ఎనిమిది. ఉంటానో లేదో."

"నేనుంటాలే. తిట్లు తినాల్సింది నేనేగా."

గొడుగు కిందే చివరి ఆకు రాలింది. గడ్డిలో ఖాళీ మేజోళ్ళు మిగిలాయి. ఎలరీ లోపలికెళ్ళి ఇళ్ళ బ్రోకరుకి ఫోన్ చేశాడు.

"ఇల్లు అమ్మడం లేదండీ," అన్నాడు.

అవతలి మనిషి కారణం అడిగినట్టున్నాడు.

"మా అమ్మాయికి ఇంకా చెవులు రాలేదు," అన్నాడు ఎలరీ.