బల్లకు అవతలి వైపు

శనివారం మధ్యాహ్నం, యెమెన్ నుంచి వచ్చిన మా యూదుల ఊరు రోష్ హాయిన్ వీధుల్లో నడిచి చూడండి. ప్రతి కిటికీలోంచీ మగపిల్లలు మా ధర్మగ్రంథం తోరా చదివే రాగం వినిపిస్తుంది. దాని వెనకే వంటింట్లో గిన్నెల చప్పుడూ వినిపిస్తుంది. ఈ రెండూ మాకు పుట్టినప్పటి నుంచీ అలవాటే. అందుకే మొదటిది మగవాళ్లకనీ, రెండోది ఆడవాళ్లకనీ ఎవరు పంచిపెట్టారో మేమెవరమూ అడగలేదు.

జెకర్యా ఇల్లు కూడా అలాంటిదే. వారమంతా నిచ్చెనలెక్కి ఇతరుల ఇళ్లకు కరెంటు తీగలు లాగే మనిషి, శనివారపు విశ్రాంతిదినం శబ్బాత్ నాడు తెల్లచొక్కా వేసుకుని తన బల్ల దగ్గర రాజులా కూర్చుంటాడు. భోజనాలు కాగానే వేయించిన వేరుశనగలు, గుమ్మడి గింజలు, ఎండుద్రాక్ష బల్ల మీద పోసి, మధ్యలో ఒకే ఒక్క తోరా పుస్తకం పెడతాడు. ఇంట్లో పుస్తకాలు లేక కాదు, అర నిండా ఉన్నాయి. కానీ మా పెద్దవాళ్లు యెమెన్‌లో ఉన్నప్పుడు ఊరికంతా ఒక్క పుస్తకమే దొరికేది. మగపిల్లలు దాని చుట్టూ చేరి ఎవరి వైపు నుంచి వాళ్లు చదవడం నేర్చుకునేవారు. పక్కవాటుగా చదివేవాళ్లు, తలకిందులుగా చదివేవాళ్లు మా పాతతరంలో కావలసినంత మంది. తన ముగ్గురు కొడుకులకూ ఆ విద్య రావాలని జెకర్యా పట్టుదల. పెద్దవాడు పక్కనుంచి గడగడా చదివేస్తుంటే గడ్డం నిమురుకుంటూ, ఒక్క పుస్తకం చుట్టూ నలుగురు కూర్చుంటేనే చదువు ఒంటబడుతుందని వచ్చినవాళ్లందరికీ చెబుతాడు.

ఆ నలుగురిలో అతని కూతురు ఎఫ్రాత్ లేదు.

ఎఫ్రాత్‌కు వచ్చే నెలలో పన్నెండు నిండుతాయి. పన్నెండు నిండిన ఆడపిల్ల దేవుడి ఆజ్ఞల బాధ్యత మొయ్యాలి, అది మా ధర్మం. ఆ సంగతే మనసులో పెట్టుకుని ఒక శనివారం ఆ పిల్ల తండ్రి కుర్చీ వెనక నిలబడింది.

"నాన్నా, ఇక నేను కూడా మీతో కూర్చోనా?"

"నీకు బడిలో చెబుతున్నారు కదా తల్లీ."

"బడిలో ఈ రాగం చెప్పరు. నువ్వు చెప్పే తాతయ్య అర్థాలు కూడా చెప్పరు."

జెకర్యా నవ్వాడు. చెడ్డవాడు కాదు, కూతురంటే ప్రాణం. ఆడపిల్లకు ఈ బల్ల దగ్గర ఏం పని, అమ్మకు చేతులు ఖాళీ లేవు, వెళ్లి ఫ్లాస్కులో అల్లం కాఫీ పట్టుకురా అన్నాడు. ఎఫ్రాత్ వెళ్లి తెచ్చింది. అడిగినదల్లా ఒక్క కుర్చీ. అది కూడా దొరకలేదు.

ఈ మాటలన్నీ బల్లకు అవతలి వైపు కూర్చున్న రూమియా వింది. రూమియా జెకర్యా తల్లి. అరవై ఎనిమిదేళ్ల మనిషి, భర్త సాలెం పోయి నాలుగేళ్లయింది. ఆవిడకు అక్షరం ముక్క రాదని మా వీధిలో చంటిపిల్లలకు కూడా తెలుసు. ప్రార్థనామందిరం మేడ మీద ఆడవాళ్ల వరుసలో ఎవరైనా పుస్తకం చేతికిస్తే, ఎందుకమ్మా నాకు అని మూసి ఒళ్లో పెట్టుకునేది. మాకు తెలిసింది అంతే. తెలియనిది చెబుతాను వినండి.

యెమెన్‌లో రూమియా తండ్రి వెండిపని చేసేవాడు. సాయంత్రం పని కట్టిపెట్టాక కొడుకులకు తోరా చెప్పేవాడు. ఆ గదిలోనే ఇవతలి గోడ వారన తిరగలి ఉండేది. పిండి విసరడం రూమియా వంతు. పుస్తకం తండ్రి వైపు తిరిగి ఉండేది గనక, ఎదురుగా కూర్చున్న పిల్లకు ప్రతి అక్షరం తలకిందులుగా కనిపించేది. తండ్రి వేలు ఎక్కడుందో, అన్నదమ్ముల నోట ఏ మాట వస్తోందో జతచేసుకుంటూ ఆ పిల్ల మెల్లగా తిరగలి తిప్పేది. ఒకరోజు తండ్రి చూడనే చూశాడు. "పిండి విసరమంటే పెదాలు ఆడిస్తున్నావేమే? చదివే ఆడదాన్ని ఎవడు చేసుకుంటాడు?" అని తిరగలిని పెరట్లోకి మార్పించాడు. అప్పటికే అక్షరాలన్నీ పిల్లలో చేరిపోయాయి. కాకపోతే అన్నీ తలకిందులుగా చేరాయి.

పెళ్లయ్యాక సాలెం ప్రతి శబ్బాత్‌కూ పుస్తకం తెరిచేవాడు. భార్య పక్కన కూర్చునేది కాదు, ఎదురుగా కూర్చునేది. ఎందుకని ఆయన అడిగితే, ఇక్కడైతే వంటిల్లు దగ్గర అనేది. అసలు సంగతేమిటంటే అక్కడి నుంచే ఆవిడకు అక్షరాలు తిన్నగా కనిపించేవి. కానీ నలుగురి ముందు పుస్తకం పుచ్చుకుంటే తిరగేసి పట్టుకోవాలి, చూసినవాళ్లు నవ్వుతారు. పైగా తండ్రి మాట ఒకటి ముల్లులా గుచ్చుకునే ఉంది. తనకు వచ్చిన చదువు దొంగసొత్తని, బయటపెడితే పరువు పోతుందని రూమియా నిజంగానే నమ్మింది. ఎంత అన్యాయమో చూడండి. దొంగతనం చేసినవాడు కూడా అన్నేళ్లు అంత భయపడడు.

ఆ ఏడు మా పేటలో ఆడవాళ్లకు తోరా తరగతి మొదలైంది. వాడకంలో లేని బాంబు షెల్టరును ఊడ్చి, సున్నం వేసి, పొడుగుబల్లలు వేశారు. చెప్పడానికి పక్క ఊరు పెతాహ్ తిక్వా నుంచి నోగా అనే పడుచుపిల్ల మంగళవారం మంగళవారం బస్సులో వచ్చేది. పక్కింటి సాదా చెయ్యి పట్టుకుని లాక్కెళ్తే రూమియా కూడా వెళ్లింది. మొదటిరోజే నోగా అందరి ముందూ ఒక్కో పుస్తకం పెట్టింది. రూమియా చెయ్యి అలవాటు కొద్దీ పుస్తకాన్ని తిప్పేసింది. నోగా గబగబా వచ్చి, ఇలా పట్టుకోవాలి పెద్దమ్మగారూ అని ప్రేమగా సరిచేసి పెట్టింది. తక్కిన ఆడవాళ్లు నవ్వు దాచుకోవడానికి తలలు వంచుకున్నారు.

"దానికి చదువు రాదమ్మా, వినడానికొచ్చింది" అంది సాదా.

"అవునమ్మా, వినడానికే వచ్చాను" అంది రూమియా.

తరవాత మళ్లీ పుస్తకాన్ని ముట్టుకోలేదు.

కుర్చీ అడిగి కాదనిపించుకున్న తరవాతి శనివారం ఎఫ్రాత్ మళ్లీ అడగలేదు. కాఫీ తెచ్చి పెట్టి వెళ్లిపోకుండా, తండ్రికి ఎదురుగా, నానమ్మ కుర్చీ పక్కనే నిలబడింది. రూమియా తల పైకెత్తింది. మనవరాలి కళ్లు పుస్తకం మీదే ఉన్నాయి, పెదాలు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. జెకర్యా ఇటు చూడగానే ఆ పెదాలు ఠక్కున మూసుకున్నాయి.

రూమియా నోట్లో వేసుకోబోయిన ఎండుద్రాక్షను బల్ల మీద పెట్టేసింది. పిల్ల అడిగినప్పుడు కలగని భయం, అడగడం మానేసినప్పుడు కలిగింది. అడిగే పిల్లకు ఈవేళ కాకపోతే రేపైనా దొరుకుతుంది. అడగడం మానేసిన పిల్ల జీవితాంతం ఎదురుగా కూర్చుని వంటిల్లు దగ్గర అని చెబుతుంది. అది రూమియాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఆ మంగళవారం నోగా తీసుకున్న పాఠం, తోరాను మాకందించిన ప్రవక్త మోషే చివరి రోజుల్లోది. ఏడేళ్లకోసారి పర్ణశాలల పండుగకు జనాన్నంతా ఒకచోట చేర్చి తోరా చదివి వినిపించాలన్న ఆజ్ఞ. మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు, ఊళ్లో ఉన్న పరదేశి, అందరూ రావాలి. దీని మీద పూర్వపు పండితులు చెప్పిన మాట కూడా నోగా చెప్పింది. మగవాళ్లు నేర్చుకోవడానికి వస్తారు, ఆడవాళ్లు వినడానికి వస్తారు. మరి చంటిపిల్లలెందుకు? తీసుకొచ్చినవాళ్లకు పుణ్యం దక్కడానికి.

సాదా ఊరుకునే మనిషి కాదు. "ఆ పిల్లల్ని తీసుకొచ్చింది ఎవరంటావు? మగాళ్లా? ఒకడికి ముక్కు తుడిచి, ఇంకొకడికి రొట్టెముక్క పెట్టేసరికి చదవడం అయిపోయేది. ఇక మేం విన్నదెక్కడ తల్లీ?"

షెల్టరంతా నవ్వులు. నోగా కూడా నవ్వి, ఆ పుణ్యం అమ్మలదేనని ఒప్పుకుంది. రూమియా మాత్రం నవ్వలేదు. ముందున్న పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా తిప్పింది. నోగా సరిచేయబోయింది.

"ఉండు తల్లీ. నాకిలాగే తిన్నగా ఉంటుంది."

ఆ ఆజ్ఞ మీద వేలు పెట్టి చదివింది. మా యెమెన్ రాగంలో, ఒక్కో మాటనీ విడదీసి, తడుముకోకుండా వాక్యం చివరిదాకా చదివింది. నలభై ఏళ్లుగా పక్కింట్లో ఉంటున్న సాదా నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

"వినాలి, నేర్చుకోవాలి అని రెండూ ఉన్నాయమ్మా ఇందులో" అంది రూమియా. "అందరి పేర్లూ చెప్పి, చివర్న అందరికీ కలిపి ఒక్కసారే చెప్పాడు మోషే. మరి దీన్ని రెండు ముక్కలు చేసి మాకు ఒక ముక్కే ఎందుకిచ్చారు?"

నోగా తన పుస్తకం దగ్గరికి లాక్కుని ఆ వాక్యం మళ్లీ చదువుకుంది. ఆ పండితులు తమ కాలంలో కళ్ల ముందు చూసినదాన్ని బట్టి చెప్పారని, వాళ్ల మాటను గౌరవిస్తూనే వాక్యాన్ని మళ్లీ చదివి ప్రశ్న వేయడం కూడా వాళ్లు నేర్పినదేనని చెప్పింది. ఆ తరవాత రూమియా దగ్గరికొచ్చి, మొదటిరోజు తాను పుస్తకం తిప్పినందుకు క్షమించమని అడిగింది. రూమియా ఆ పిల్ల చెయ్యి నిమిరింది గానీ మనసు అక్కడ లేదు. తన దగ్గరున్నది దొంగసొత్తు కాదు. మోషే తన పేరు కూడా కలిపి రాసి ఉంచిన ఆస్తి. మరి ఇన్నాళ్లూ దాన్ని ఎవరికి భయపడి దాచింది? ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆవిడకు ఏడుపు ఆగలేదు. పక్కన నడుస్తున్న సాదా అదేమంటే ఆనందమంది, కాసేపాగి కోపమంది. రెండూ నిజమే.

శనివారం వచ్చింది. జెకర్యా గింజలు పోసి పుస్తకం పెట్టాడు. పెద్దకొడుకు చదవడం మొదలుపెట్టాడు. ఎఫ్రాత్ ఫ్లాస్కు పట్టుకుని వచ్చి పోయిన వారంలాగే ఎదురుగా నిలబడింది. అప్పుడు అవతలి వైపు నుంచి రూమియా గొంతు మనవడి గొంతుతో కలిసింది. ముందు ఎవరికీ అర్థం కాలేదు. కుర్రాడు ఆగిపోయాడు. రూమియా ఆగలేదు. వాక్యం పూర్తిచేసి, కింద పాత అరామిక్ భాషలో ఉన్న అర్థం కూడా చదివింది.

జెకర్యా పుస్తకం వంక, తల్లి వంక మార్చి మార్చి చూశాడు. "అమ్మా, నువ్వు చదువుతున్నావా? అటువైపు నుంచా?"

"నాకు ఇటువైపు నుంచే వచ్చురా."

తిరగలి సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది. పిల్లలు గింజలు నమలడం మానేసి విన్నారు. వంటింట్లోంచి కోడలు మజల్ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. జెకర్యా అడిగాడు.

"నాన్నకి తెలుసా?"

"తెలీదు. ఆయన అటునుంచి చదివేవాడు, నేను ఇటునుంచి చదివేదాన్ని. నలభై ఆరేళ్లు ఒక్క పుస్తకమే ఇద్దరం చదివాం. ఆయన మాత్రం ఒక్కడే చదువుతున్నాననుకున్నాడు. ఎన్నోసార్లు ఒకచోట ఆగి, ఇదేమిటో అర్థం కావట్లేదే అనుకునేవాడు. నాకు ఏదో తోచేది. నోటిదాకా వచ్చేది. కాఫీ పొయ్యనా అనేదాన్ని." రూమియా పుస్తకం అంచును వేలితో సరిచేసింది. "మీ నాన్న పోయాడు. మేం మాట్లాడుకోవలసినవన్నీ ఆయనతోనే పోయాయి. నీ కూతురు ఇక్కడే ఉందిరా, నాలాగే ఇటు నిలబడి పెదాలు ఆడిస్తోంది. దాన్ని అటు కూర్చోబెట్టు. అక్షరాలు తిన్నగా చూడనీ."

జెకర్యా అమ్మ కుర్చీ వంక చూశాడు. తండ్రికి ఎదురుగా కూర్చున్న అమ్మ, వంటిల్లు దగ్గర అన్న మాట, ఎన్ని వందల శనివారాలు చూసి ఉంటాడో. చూశాడు గానీ ఒక్కసారి కూడా ఇదేమిటని అనుకోలేదు. చివరికి లేచి, గోడవారనున్న కుర్చీ తెచ్చి తన పక్కన వేశాడు. కూతురి చేతిలోని ఫ్లాస్కు తీసుకుని తనే అందరికీ కాఫీ పోశాడు, బల్ల మీద కాస్త ఒలికింది కూడా. ఎఫ్రాత్ కూర్చుంది. తండ్రి వేలు చూపించిన చోట మొదలుపెట్టి, సగం వాక్యంలో ఆగి, నానమ్మ వైపు చూసి అడిగింది.

"ఇక్కడ తాతయ్య ఆగినప్పుడు నీకేం తోచేది నానమ్మా?"

రూమియా చెప్పడం మొదలుపెట్టింది. ఆ మధ్యాహ్నం జెకర్యా ఇంటి కిటికీలోంచి మా వీధికి గిన్నెల చప్పుడు వినిపించలేదు. అయ్యలారా, అమ్మలారా, ఇది మా ఒక్క పేట సంగతి కాదు. ఆడపిల్లను వినమని పిలిచి, నేర్చుకోవడానికి కుర్చీ వెయ్యని ఇంట్లో, ఒకే పుస్తకం ముందు కూర్చున్నవాళ్లు కూడా ఒంటరిగానే చదువుకుని ఒంటరిగానే పోతారు.